పేను లేని పేనుకొరుకుడు

నా ఎడమ కనుబొమ చివర పావలా బిళ్లలో సగమంత మేర నున్నగా మారిందని మొదట గమనించింది నేను కాదు, పార్లర్‌లో దారంతో కనుబొమలు దిద్దే అమ్మాయి. "అక్కా, ఇక్కడ అసలు వెంట్రుకలే లేవు" అని ఆమె అన్నప్పుడు, పోయినసారి దారం గట్టిగా లాగి ఉంటుందిలే అనుకుని ఊరుకున్నాను. మూడు వారాలు తిరిగేసరికి ఆ కనుబొమ సగం పోయింది. పొద్దున ముఖం తుడుచుకుంటే అదే వైపు రెప్ప వెంట్రుకలు తువ్వాలుకు అంటుకుని వచ్చేవి.

మా అత్తగారు చూడగానే పేనుకొరుకుడు అన్నారు. ఆ మాట తప్పు కాదని తరువాత తెలిసింది గానీ, ఆ పేరును నమ్మి నేను లేని పేను కోసం వెతుకుతూ, ఉల్లిరసం రుద్దుకుంటూ, కళ్ల మంటతో రెండు వారాలు పోగొట్టుకున్నాను. గురివింద గింజ అరగదీసి రాయమని పక్కింటావిడ చెప్పారు. ఆ గింజలో అబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంటుందని అప్పుడు నాకు తెలియదు. రాసుకోకపోవడానికి కారణం నా తెలివి కాదు, ఇంట్లో గింజలు లేకపోవడమే.

చర్మవైద్యురాలు వెంటనే మందు రాయలేదు. కనుబొమలు రాలడానికి దారులు చాలా ఉన్నాయని చెప్పి, ఒక్కొక్కటే పక్కన పెడుతూ వచ్చారు. తెలియకుండా పీక్కునే అలవాటుందా అని అడిగారు, రెప్పల అంచున పొట్టు ఉందేమో చూశారు, థైరాయిడ్ మందగిస్తే కనుబొమల బయటి కొనలు పలచబడతాయి కనుక రక్తపరీక్ష చేయించారు. కళ్లు మూసుకోమని దూదిపోగుతో నుదుటిని తాకి, తెలుస్తోందా అని అడిగినప్పుడు మాత్రం నా గుండె ఝల్లుమంది. కుష్ఠులో కనుబొమలు ఊడతాయని చిన్నప్పుడు పెద్దవాళ్లు గుసగుసగా చెప్పుకోవడం విన్నదాన్ని. స్పర్శ బాగానే ఉంది, థైరాయిడ్ కూడా సరిగ్గానే ఉంది. భూతద్దం వంటి పరికరంలో మొదలు సన్నబడి విరిగిన వెంట్రుకలు కనిపించాయి. బట్టల సబ్బు వల్ల అనుకున్న గోళ్ల మీది చిన్న గుంటలు కూడా ఈ జబ్బు గుర్తులేనట. అలోపీషియా ఏరియేటా అన్నారు, మనం పేనుకొరుకుడు అనేది దీన్నేనట. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక కణాలే వెంట్రుక కుదుళ్ల మీద దాడి చేస్తాయని, అయితే కుదురు చావదు కనుక వెంట్రుక మళ్లీ మొలవవచ్చని వివరించారు.

కనుబొమలోకి మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాములు ఉండేలా పలుచన చేసిన స్టెరాయిడ్ మందు ట్రయామ్సినలోన్‌ను, నెలకొకసారి, చిన్న చిన్న చుక్కలుగా సూదితో ఎక్కించారు. నొప్పి చిన్నదేమీ కాదు. ఏడవకపోయినా కన్నీళ్లు కారిపోతాయి. రెప్పకు ఆ సూది వేయలేదు. స్టెరాయిడ్ లేపనమైనా కంటి దగ్గర ఎక్కువకాలం వాడితే కంటిలో ఒత్తిడి పెరగవచ్చని, శుక్లాలు రావచ్చని హెచ్చరించారు. నీటికాసుల జబ్బుకు వాడే బైమాటోప్రోస్ట్‌ను రెప్ప వెంట్రుకలు పెంచడానికి అమెరికాలో 2008లో అనుమతించారు గానీ, ఈ జబ్బులో అది అందరికీ పనిచేయదని, రెప్పల చర్మం నల్లబడవచ్చని చెప్పడంతో వద్దనుకున్నాను. 2022లో అక్కడే అనుమతి పొందిన బారిసిటినిబ్ మాత్రలు జబ్బు తీవ్రంగా ఉన్నవారికి. నాకు అంత అవసరం లేదన్నారు.

కనుబొమలు అందం కోసమే అనుకునేదాన్ని. గుంటూరు ఎండలో నుదుటి చెమట అడ్డం లేకుండా నేరుగా కంట్లోకి దిగి ఉప్పగా మండినప్పుడు, స్కూటరు మీద వెళ్తుంటే దుమ్మంతా కంట్లో పడినప్పుడు వాటి పని తెలిసింది. పవర్ లేని కళ్లద్దాలు పెట్టుకున్నాను, డాక్టరు చెప్పిన కన్నీటి చుక్కలు వేసుకున్నాను, పెన్సిల్‌తో కనుబొమ గీసుకున్నాను. అతికించే రెప్పల జోలికి పోలేదు, ఆ జిగురు ఉన్న నాలుగింటినీ లాగేస్తుందని భయం. తిరుమలలో తలనీలాలిచ్చి వచ్చిన గుండును మన దగ్గర ఎవరూ వింతగా చూడరు, పైగా ప్రసాదం అడుగుతారు. సగం కనుబొమ లేని ముఖాన్ని మాత్రం మాట్లాడుతున్నంతసేపూ చూస్తూనే ఉంటారు.

మూడో విడత సూదుల తరువాత నూగులాంటి తెల్ల వెంట్రుకలు వచ్చాయి. ముసలితనం కనుబొమతో మొదలైందని మావారు నవ్వారు. రెండు నెలల్లో అవి నల్లబడ్డాయి. రెప్ప వెంట్రుకలు ఏ మందూ లేకుండానే ఎనిమిదో నెలకు చాలావరకు తిరిగొచ్చాయి. మొన్న సంక్రాంతికి తల వెనుక రూపాయంత మచ్చ కొత్తగా కనిపిస్తే ఈసారి ఉల్లిపాయ జోలికి పోకుండా ఆ వారమే వెళ్లి చూపించుకున్నాను. ఎడమ రెప్ప చివర కొంచెం ఖాళీ ఇంకా ఉంది. పార్లర్ అమ్మాయి ఆ కనుబొమకు దారం పెట్టనంటోంది, నేనూ పెట్టించుకోవడం లేదు.