ప్రధానయాజకుడు చనిపోయేదాకా

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఆరాధనలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో మొదటి మాట ఎవరికి అప్పగించినా ప్రసంగం ఇంచుమించు ఒకటే ఉంటుంది. ప్రభువు శత్రువులను క్షమించాడు, మనం కూడా అత్తాకోడళ్ళం, అన్నదమ్ములం, స్థలం గొడవలు ఉన్నవాళ్ళం క్షమించుకోవాలి, ఆమేన్, తర్వాత పాట. అది తప్పని నేను అనను. కానీ 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గారు గుంటూరు వచ్చి మిషన్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి తరతరాలుగా వాక్యం వింటున్న మన సంఘాల్లో, "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము" అన్న మాటలో ఆ "ఎరుగరు గనుక" దగ్గర ఎవరూ ఆగరేంటి అని నాకు ప్రతి ఏడూ మనసు కలుక్కుమంటుంది. తెలియక చేస్తే ఏమిటి, తెలిసి చేస్తే ఏమిటి? సిలువ మీద అంత బాధలో ప్రభువు ఆ తేడా ఎందుకు ఎత్తాడు?

ఆ తేడా ధర్మశాస్త్రంలో ఉంది. సంఖ్యాకాండము 35వ అధ్యాయం తీయండి.

ఇస్సాకు కట్టెలు మోసుకుంటూ మోరీయాకు వెళ్ళడం, పస్కా గొర్రెపిల్ల, అరణ్యంలో ఇత్తడి సర్పం, చేప కడుపులో యోనా, ఇవన్నీ క్రీస్తును ముందే చూపించాయని సెలవుల బైబిలు బడి (వీబీఎస్) పిల్లలు కూడా చెబుతారు కాబట్టి వాటి జోలికి వెళ్ళను. నా మనసంతా ఆశ్రయపురాల మీదే, అంటే పొరపాటున మనిషిని చంపినవాడు పరుగెత్తి ప్రాణం దక్కించుకునే ఊళ్ళ మీదే. లేవీయులకిచ్చిన నలభై ఎనిమిది పట్టణాల్లో ఆరింటిని దేవుడు దీనికోసం ప్రత్యేకించాడు. యొర్దానుకు ఇవతల కెదెషు, షెకెము, హెబ్రోను, అవతల బేసెరు, రామోతు, గోలాను. వీటి మీద ప్రసంగం అంటే ఆరు పేర్లకు ఆరు అర్థాలు చెప్పి ముగించేస్తారు, అసలు విషయం అధ్యాయం చివర్లో అలాగే ఉండిపోతుంది.

ఇద్దరు అడవిలో చెట్టు నరుకుతున్నారు, గొడ్డలి పిడి నుంచి ఊడి పక్కవాడికి తగిలింది, వాడు చచ్చిపోయాడు. ద్వితీయోపదేశకాండము 19లో మోషే ఇచ్చిన ఉదాహరణ ఇదే. పగ లేదు, పన్నాగం లేదు, అయినా రక్తం చిందింది. చచ్చినవాడి దగ్గరి బంధువు వెంటపడతాడు. ఇతను పరుగెత్తి ఆ ఆరు ఊళ్ళలో ఒకదాని గుమ్మం దగ్గర నిలబడి పెద్దలకు తన సంగతి చెప్పుకోవాలి. వాళ్ళు లోపలికి తీసుకుని చోటిస్తారు. ఇశ్రాయేలీయుడికే కాదు, పరదేశికీ, వాళ్ళ మధ్య కాపురమున్నవాడికీ ఇదే చట్టం. అందుకు దారులు కూడా బాగుచేసి ఉంచమన్నాడు దేవుడు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరుగెత్తేవాడికి దారి దొరక్కపోవడం ఆయనకు ఇష్టం లేదు.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. ఇప్పుడు 28వ వచనం, 32వ వచనం కలిపి చదవండి. అతను ఎంతకాలం ఆ ఊళ్ళో ఉండాలి? సంవత్సరాల లెక్క లేదు. ప్రధానయాజకుడు చనిపోయేదాకా. దేవుని ముందు ప్రజల తరఫున బలులర్పించే ఆ యాజకుడు ఆ రోజు పడుచువాడైతే ఇతని తల నెరిసిపోవచ్చు, ముసలివాడైతే నెల తిరక్కుండా బయటపడవచ్చు. మంచి ప్రవర్తనకు తగ్గింపు లేదు. డబ్బు కట్టి ముందే ఇంటికి వెళ్ళే వీలు లేదు, ఆ విమోచన ధనం తీసుకోకూడదని ఇశ్రాయేలీయులకే ఆజ్ఞ. ఆ తర్వాతి వచనమే కారణం చెబుతుంది: రక్తం దేశాన్ని అపవిత్రపరుస్తుంది, రక్తం చిందించినవాడి రక్తం వల్లనే తప్ప దానికి ప్రాయశ్చిత్తం లేదు. మరి ఈ పొరపాటున చంపినవాడి రక్తం ఎక్కడా చిందలేదే! దేశం బాకీ ఎవరు తీర్చారు? ఒక్క చావు మాత్రం జరిగింది, యాజకుడిది. ఆ మరుసటి రోజు ఇతను మూట కట్టుకుని తన స్వాస్థ్యానికి, అంటే సొంత భూమికి వెళ్ళిపోవచ్చు, పగతీర్చుకునేవాడు దారిలో ఎదురైనా చెయ్యి ఎత్తకూడదు.

ఇది మనం క్రైస్తవులం గనుక బలవంతంగా లాగుతున్న అర్థం అనుకోకండి. యూదుల పాత ధర్మశాస్త్ర వివరణ గ్రంథం మిష్నాలో మక్కోతు అనే భాగంలో ఒక సంగతి ఉంది, అది తెలిసిన రోజు నాకు కళ్ళు చెమర్చాయి. ప్రధానయాజకుల తల్లులు ఈ ఆశ్రయపురాల్లో ఉన్నవాళ్ళకు అన్నం, బట్టలు పంపించేవాళ్ళట, తమ కొడుకులు చావాలని వాళ్ళు ప్రార్థన చేయకుండా ఉండాలని. దాని మీద తల్మూదు అనే గ్రంథంలో చర్చించిన పండితులే, ప్రాయశ్చిత్తం చేసేది ప్రవాసమా, అంటే ఆ ఊళ్ళో ఉండడమా, కాదు యాజకుడి మరణమే అని రాసుకున్నారు. వాళ్ళు యేసును ఒప్పుకోలేదు, అయినా తమ గ్రంథంలో ఆ సంగతి స్పష్టంగా చూశారు. ఇక ఆ తల్లుల మాటకొస్తే, నాకు మరియ గుర్తుకొస్తుంది. మిగతా తల్లులు కొడుకు బతకాలని రొట్టెలు పంపారు. ఈ తల్లి సిలువ దగ్గర నిలబడి, మనందరం ఇంటికి వెళ్ళడానికి కావాల్సిన ఆ చావు కళ్ళారా చూసింది.

మా మామయ్య లారీ డ్రైవరు. మిర్చి లోడుతో రాత్రిపూట వెళ్తుంటే సైకిలు మీద ఒకాయన పట్టు తప్పి చక్రాల కింద పడ్డాడు. కేసు నడిచింది, తప్పు లేదని కొట్టేశారు, వాళ్ళ కుటుంబానికి ఇన్సూరెన్సు డబ్బూ వచ్చింది. చట్టం పని అయిపోయింది కానీ మామయ్య పని అవ్వలేదు. స్టీరింగు ముట్టుకోలేదు. ఉపవాస కూడిక ఎక్కడ జరిగినా వెళ్ళేవాడు, చేతిలో ఉన్నదంతా కానుకల సంచిలో వేసేవాడు, కనబడిన ప్రతి సేవకుణ్ణీ ఒకటే అడిగేవాడు: "అయ్యగారూ, ఆ రక్తం నా మీద ఉందా లేదా?" ప్రార్థన చేసుకో బ్రదర్ అన్నవాళ్ళు కొందరు. మొక్కుబడి చెయ్యమని, ఇంకా ఇవ్వమని చెప్పినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే, ఎందుకంటే డబ్బు తీసుకోవద్దని దేవుడు రాసిపెట్టిన చోట వాళ్ళు డబ్బు అడిగారు. చివరికి పల్లెటూరిలో ఒక ముసలి ఉపదేశి ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఈ అధ్యాయం మొత్తం చదివి, "ప్రధానయాజకుడు చనిపోయాడా లేదా?" అని అడిగాడు. చనిపోయాడన్నాడు మామయ్య. "మరి నువ్వింకా ఈ ఊళ్ళో ఏం చేస్తున్నావు?" అన్నాడట ఆ పెద్దాయన. కొంతకాలానికి మామయ్య తనంతట తానే ఆ చనిపోయినాయన ఇంటికి వెళ్ళి వచ్చాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు మొదటి మాటకు రండి. కొరడాలతో కొట్టినవాళ్ళు, మేకులు దిగగొట్టినవాళ్ళు, సిలువ వేయమని అరిచినవాళ్ళు, అందరూ రక్తం చిందించినవాళ్ళే. వాళ్ళకోసం ప్రభువు తండ్రి ముందు ఏమని వాదిస్తున్నాడు? "ఎరుగరు" అని. అంటే వాళ్ళను తెలియక చంపినవాళ్ళ పక్కన నిలబెడుతున్నాడు, ఆశ్రయపురం గుమ్మం వాళ్ళకు తెరుస్తున్నాడు. ఆ మాట అంటున్నవాడే ఇంకొన్ని గంటల్లో చనిపోబోయే ప్రధానయాజకుడు! అపొస్తలుల కార్యములు 3లో పేతురు అదే పట్టుకున్నాడు. జీవాధిపతిని మీరు చంపారు అని మొహం మీదే చెప్పి, వెంటనే మీరూ మీ అధికారులూ తెలియక చేశారని నాకు తెలుసు, మారుమనస్సు పొందండి అన్నాడు. పౌలు కూడా తిమోతికి రాస్తూ తెలియక, అవిశ్వాసం వల్ల చేశాను గనుక కనికరింపబడ్డాను అన్నాడు. ముగ్గురి నోటా ఒకే చట్టం.

మరి తెలిసే చేసినవాడి సంగతి? ఆశ్రయపురం వాడికి చోటివ్వదు, బలిపీఠం పట్టుకున్నా లాక్కెళ్ళమంది ధర్మశాస్త్రం, హంతకుడి ప్రాణానికి విమోచన ధనం లేదంది. కానీ ఆ శుక్రవారం పొద్దున బరబ్బ అనే హంతకుడు ఒక్క పైసా కట్టకుండా చెరసాల నుంచి నడిచి వెళ్ళిపోయాడు, అతని బదులు మన యాజకుడైన యేసు వెళ్ళాడు. ఆశ్రయపురం అనే ఛాయ ఎక్కడ ఆగిపోయిందో నిజం అక్కణ్ణుంచి ఇంకా ముందుకు వెళ్ళింది. ఇంతకన్నా నాకు చెప్పడం రాదు, ఇక్కడికొచ్చేసరికి ఎప్పుడూ స్తోత్రం తప్ప మాట రాదు.

హెబ్రీ పత్రిక 6వ అధ్యాయం చివర చూడండి, "శరణాగతులమైన మనకు" అని మొదలుపెట్టి రెండు వచనాల్లోనే నిరంతరం ప్రధానయాజకుడైన యేసు దగ్గరకు వచ్చేస్తుంది. పరుగెత్తి ఆశ్రయం పొందడం, యాజకుడు, రెండూ పక్కపక్కనే. పాత యాజకుడు చనిపోతే అప్పటికి ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకే విడుదల, మర్నాడు వచ్చినవాడు మళ్ళీ ఇంకొకరి చావు కోసం ఎదురుచూడాలి. మన యాజకుడు ఒక్కసారే చనిపోయి లేచాడు, ఇక ఎదురుచూపు లేదు.

ఇదంతా విని తేలిగ్గా తీసుకోకండి. అదే హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం, సత్యం తెలిసిన తర్వాత బుద్ధిపూర్వకంగా పాపం చేస్తే ఇక బలి ఉండదంటుంది. తెల్లబట్టలు వేసుకుని మూడు గంటలు కూర్చుని, మధ్యలో ఫోన్లో స్టేటస్ పెట్టుకుని, బయటికి రాగానే అదే వడ్డీ, అదే అబద్ధం, అదే కట్నం బేరం మొదలుపెట్టేవాళ్ళం "తెలియక" అని ఎలా అంటాం? యోవాబు తమ్ముణ్ణి చంపిన సేనాధిపతి అబ్నేరు హెబ్రోను గుమ్మంలోనే కత్తిపోటుకు చచ్చాడు, యోవాబు మాట్లాడాలని పక్కకు పిలిస్తే వెళ్ళాడు. ఆశ్రయపురం గుమ్మం దాకా వచ్చి లోపల లేడు. బాప్తిస్మం, కన్ఫర్మేషన్ అయినవాళ్ళం, తాతలనాటి క్రైస్తవులం, మనం గుమ్మంలో ఉన్నామా లోపల ఉన్నామా?

ఈసారి మొదటి మాట మీకిస్తే ముందు సంఖ్యాకాండము 35, 9 నుంచి 34 దాకా పైకి చదవండి, తర్వాత లూకా తెరవండి. మీ సంఘంలో ఏదో ఒక రక్తం, ఏదో ఒక పాత తప్పు మోసుకుంటూ కానుకల మీద కానుకలు వేస్తున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఆ ఉపదేశి అడిగిన ప్రశ్న అడగండి. ఆ మోస్తున్నది మీరే అయితే, ఒప్పుకోవాల్సింది ఈ వారమే ఒప్పుకోండి, ఎవరికైనా తిరిగి ఇవ్వాల్సింది ఉంటే ఇచ్చేయండి, విడుదలైన మనుషులుగా ఇవ్వండి.