కెర్నెల్ రస్ట్ కోడ్‌లో అక్కర్లేని ‘అలౌ’ల ఏరివేత: నా అనుభవం

రస్ట్ భాషలో రాసిన కోడ్‌లో లోపాలు వెతికే పరికరం క్లిప్పీ. దాని హెచ్చరికను ఆపడానికి కోడ్‌లో పెట్టిన ‘అలౌ’ అనే సూచనతో చిక్కేమిటంటే, కారణం పోయినా అది పోదు. రేపు అదే చోట నిజమైన తప్పు దొర్లినా బయటికి రానివ్వదు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రమైన కెర్నెల్లోకి రస్ట్, కెర్నెల్ 6.1 వెర్షన్‌తో వచ్చింది, ఇలాంటివి అక్కడా పేరుకున్నాయి.

రస్ట్ 1.81లో స్థిరపడిన ‘ఎక్స్‌పెక్ట్’ దీనికి సరైన మందు. ఇదీ హెచ్చరికను ఆపుతుంది, కానీ అనుకున్న హెచ్చరిక రాకపోతే ఆ సంగతి కంపైలరే చెబుతుంది. అందుకే అలౌలను నేరుగా చెరపలేదు. ఒక్కో ఫైలులో వాటిని ఎక్స్‌పెక్ట్‌గా మార్చి, ‘మేక్ ఎల్ఎల్‌విఎం=1 క్లిప్పీ=1’ అనే ఆదేశంతో క్లిప్పీని నడిపాను. మధురవాడలో మే నెల ఉక్కపోతకు 8 జీబీ ల్యాప్‌టాప్ కాగిపోతుంది కాబట్టి మొత్తం కెర్నెల్ కట్టలేదు, ఆదేశం చివర ‘రస్ట్/కెర్నెల్.ఓ’ అని ఇస్తే చాలు. బైండ్‌జెన్ అనే పరికరం పుట్టించే బైండింగ్స్ (రస్ట్ నుంచి సీ కోడ్‌ను పిలిచే భాగం) జోలికి మాత్రం వెళ్లకూడదు, అది మనిషి రాసిన కోడ్ కాదు.

అసలు కష్టం ఇక్కడే. నా 64-బిట్ యంత్రంలో ‘ఫిజ్ అడ్రస్’ (మెమరీ భౌతిక చిరునామా) రకం, యూ64 (64 బిట్ల సంఖ్య) రెండూ ఒకటే, కనుక ఒక రకాన్ని మరో రకంగా మార్చే ‘ఇన్‌టు’ దండగని క్లిప్పీ అంటుంది. ఆ రకం 32 బిట్లుగా ఉండే ఆర్మ్ బిల్డ్‌లో ఆ మార్పిడి లేకపోతే కోడ్ కంపైలే కాదు. అక్కడ ఎక్స్‌పెక్ట్ పెడితే ‘హెచ్చరిక రాలేదు’ అనే కొత్త హెచ్చరిక పుడుతుంది. కాన్ఫిగ్‌లో హెచ్చరికలను తప్పులుగా లెక్కించే ‘వెర్రర్’ ఆన్ చేసుకున్నవాళ్ల బిల్డ్ ఆగిపోతుంది. అలాంటి చోట అలౌ ఉండాల్సిందే. డీబగ్ఎఫ్ఎస్ (కెర్నెల్ లోపలి సమాచారం చూపే సదుపాయం) ఉంటేనే వాడే ఫంక్షన్ల సంగతి వేరు: ‘సీఎఫ్‌జీ ఆట్ర్’ అనే షరతు సూచనతో, ఆ కాన్ఫిగ్ లేనప్పుడు మాత్రమే డెడ్ కోడ్ (ఎవరూ వాడని కోడ్) ఎక్స్‌పెక్ట్ వర్తించేలా రాశాను. మాక్రోల లోపలి అలౌలను కదపలేదు, పిలిచే చోటును బట్టి ఫలితం మారుతుంది.

కంపైలర్ వెర్షన్ కూడా ముఖ్యమే. పాత క్లిప్పీ పొరపాటున అరిచిన చోట కొత్తది అరవదు. స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లోని ‘మిన్-టూల్-వెర్షన్’ చెప్పే కనీస రస్ట్‌తో ఒకసారి, తాజా రస్ట్‌తో ఒకసారి నడపాలి.

మిగతాది మామూలే: రస్ట్‌ఎఫ్ఎంటీచెక్, చెక్‌ప్యాచ్ అనే శైలి తనిఖీలు, పంపేవారి సంతకంగా సైన్డ్-ఆఫ్-బై. ఒక్కో లింట్‌కు (హెచ్చరిక రకానికి) ఒక్కో ప్యాచ్ (మార్పుల కట్ట) చేసి, ఏ ఆర్కిటెక్చర్లు, ఏ కాన్ఫిగ్‌లు, ఏ రస్ట్ వెర్షన్లతో చూశానో కమిట్ సందేశంలోనే రాశాను. అది రాయకపోతే సమీక్షకులు ముందు అడిగేది ‘32-బిట్‌లో చూశారా’ అనే.