పాత ల్యాప్‌టాప్ లేచి కూర్చుంది

శనివారం తెల్లారకముందే సైకిల్ తీశా. ప్రకాశం బ్యారేజీ మీద ఆ వేళకి గాలి చల్లగా, నీటి వాసనతో తగులుతుంది. 1957లో కట్టిన 70 గేట్ల బ్యారేజీ ఇది. తొక్కుకుంటూ దాటినప్పుడే దాని పొడవు కాళ్ళకి తెలుస్తుంది. ఉండవల్లి గుహల దగ్గర కాలేజీ స్నేహితులు కలిశారు. "ఏరా, ఎన్నాళ్ళయిందిరా!" అంటూ రెండేసి టీలు తాగాం. కబుర్లు తెమల్లేదు, ఎండెక్కిపోయింది.

ఆదివారమంతా 2013లో నాన్న కొనిచ్చిన ల్యాప్‌టాప్‌తోనే. అడుగు మూత ఊడదీస్తే ఫ్యాన్ వెనక రేకుల సందుల్లో దుమ్ము దూది పరుపులా పేరుకుంది. వేడి బయటికి పోయే దారే లేదు పాపం! పాత బ్రష్‌తో మెల్లగా దులిపా. ప్రాసెసర్ మీద సున్నంలా ఎండిన, వేడిని బయటికి లాగే పేస్టు గీకి, కొత్తది బియ్యపుగింజంత పెట్టా. గరగరమనే హార్డ్ డిస్కు తీసి దాని బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ బిగించి, విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ ఎక్కించా. ఒక స్క్రూ మంచం కిందకి దొర్లితే అమ్మే టార్చి పట్టుకుని వెతికిపెట్టింది.

ఇదివరకు ఆన్ చేసి కాఫీ తాగొచ్చినా తెరుచుకునేది కాదు. ఇప్పుడు అర నిమిషం! ఆ వెలుగు చూసి నిజంగా కళ్ళు చెమర్చాయి. గ్రూప్స్‌కి చదువుతున్న చెల్లికి రేపు ఇచ్చేస్తా.