క్లోమానికి నెత్తురు తగ్గితే

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పై కడుపులో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పిని చాలామంది గ్యాస్ అనుకుంటారు. వాంతులు ఆగక, ముందుకు వంగితేనే కాస్త నయమనిపిస్తే అది క్లోమం (పాంక్రియాస్ – జీర్ణరసాలు తయారుచేసే, కడుపు వెనకుండే అవయవం) వాపు కావచ్చు. పిత్తాశయంలో రాళ్లు, మద్యం తాగడం ముఖ్య కారణాలు.

క్లోమంలోని ఒక్కో చిన్న భాగానికి నెత్తురు తెచ్చేది ఒకే సన్నని నాళం. అది మూసుకుంటే పక్కదారి దాదాపు లేదు. వాపుకు కేశనాళికలు (వెంట్రుకంత సన్నని రక్తనాళాలు) నీరు కారుస్తాయి, ఆ నీరే వాటిని బయటి నుంచి నొక్కుతుంది. లోపల నెత్తురు చిక్కబడి గడ్డకడుతుంది. అందుకే వాపుగా మొదలైంది కణజాలం చచ్చిపోయే దాకా పోతుంది. ఎండలకు, వాంతులకు ఒళ్లు ముందే ఎండిపోయి ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ.

మొదటి 24 గంటల్లో ఎక్కించే ద్రవం అందుకే అంత ముఖ్యం. ఎక్కువగా వాడేది రింగర్ లాక్టేట్ అనే ఉప్పునీటి సెలైన్. 60 కిలోల మనిషి ఒంట్లో నీరు తగ్గి ఉంటే ముందు రెండు గంటల్లో 600 మి.లీ., తర్వాత గంటకు 90 మి.లీ. గుండె, కిడ్నీ జబ్బుంటే లెక్క మారుతుంది. ‘బాటిళ్లు ఎక్కువ పెట్టండి’ అని డాక్టరును తొందరపెట్టొద్దు. 2022లో వచ్చిన వాటర్‌ఫాల్ పరిశోధనలో ద్రవం ధారగా ఎక్కించినవాళ్లకు మేలేమీ కలగలేదు, ఒంట్లో నీరు నిండే ఇబ్బందే పెరిగింది.

ఇంటివాళ్లు చూడాల్సింది రోగికి గొట్టంతో తగిలించిన మూత్రం సంచి. గంటకు 30 మి.లీ. కంటే తగ్గితే వెంటనే నర్సుకు చెప్పాలి.

మొదటి రోజు సీటీ స్కాన్‌లో చచ్చిన భాగం సరిగా కనబడకపోవచ్చు, మూడు నాలుగు రోజులకు తేలుతుంది.