ఖాళీ ట్యూబులో కనిపించిన గీత

పేగులలోని సూక్ష్మజీవులనూ వాటి జన్యువులనూ అధ్యయనం చేసే తిరుపతిలోని ఒక పరిశోధనశాలలో నేను చేరి ఐదు నెలలు కావస్తోంది. మన శరీరంలో కణాలు సుమారు 30 లక్షల కోట్లయితే బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని 2016లో వెలువడిన అంచనా వంటివి చదువుకుని వెళ్ళాను గానీ, అసలు పని పల్లెల్లో మొదలైంది.

మొదటి రెండు వారాలు చంద్రగిరి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, అంగీకరించిన వారి చేత సంతకం పెట్టించుకుని, మూతకే చిన్న చెంచా అమర్చిన ట్యూబు ఇచ్చి, మరునాడు ఉదయం మల నమూనాలను ఐస్ ప్యాకులున్న థర్మోకోల్ పెట్టెలో తెచ్చేవాళ్ళం. ఒక అవ్వ ట్యూబును వెలుగులో తిప్పి చూసి, "ఇదేందమ్మా పాపా, దీంట్లో ఏం కనపడతాది మీకు?" అని అడిగింది. మనకు అరగని పీచును తిని బతికే కంటికి కనబడని జీవులుంటాయని చెప్పాను. "అయితే సంగటి తినే మా కడుపులో వేరేటివి ఉంటాయేమో" అంది. మేము తేల్చదలచుకున్న ప్రశ్న సరిగ్గా అదే. అయితే మా ఆహార వివరాల పత్రంలో వరి, గోధుమ, ఇతరములు అనే మూడే గడులున్నాయి. రాగి సంగటినీ పొద్దున తాగే సద్దినీ ఆ మూడో గడిలోనే ఇరికించి రాశాను.

పీచును ఆ జీవులు పులియబెట్టినప్పుడు పుట్టే బ్యూటిరేట్ అనే పదార్థం పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన ఆహారం. అందుకే ఎవరు ఏ ధాన్యం తింటారన్నది మాకు అంత అవసరం.

ల్యాబులో నమూనాను సన్నని పూసలతో కలిపి బలంగా కుదిపి బ్యాక్టీరియా గోడలను పగలగొడతాము. ఈ కుదుపు చాలకపోతే మందపాటి గోడలున్న రకాలు తెరుచుకోవు, లెక్కలో అవి లేనట్టే తేలుతాయి. బయటికొచ్చిన డీఎన్ఏలో 16ఎస్ జన్యువును చదువుతాము. సుమారు 1500 అక్షరాల ఈ జన్యువు బ్యాక్టీరియా అన్నింటిలోనూ ఉంటుంది. దానిలో మారని భాగాలను పట్టుకుని, మారే భాగాలను బట్టి ఏ జీవి ఏదో పోల్చుకుంటాము. 1977లో శాస్త్రవేత్త కార్ల్ వోస్, బ్యాక్టీరియాలాగే కనిపించే ఆర్కియా అనే మరో రకం సూక్ష్మజీవులను బ్యాక్టీరియా నుంచి వేరుచేసి చూపింది ఈ జన్యువు నుంచి తయారయ్యే ఆర్ఎన్ఏ ఆధారంగానే.

ప్రతి విడతలోనూ నమూనా వేయని ఖాళీ ట్యూబు ఒకటి మిగిలినవాటితో పాటే అన్ని దశలూ దాటాలి. నేను స్వయంగా చేసిన మొదటి విడతలో, డీఎన్ఏ ఉంటే గీతగా కనిపించే జెల్ పలక మీద, ఏమీ కనబడకూడని ఆ ఖాళీ ట్యూబు వరుసలో పలుచని గీత కనిపించింది. కుదిపాక, మూతకంటినదాన్ని అడుక్కి దించేలా వేగంగా తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో ట్యూబులను తిప్పకుండానే మూతలు తీశాను. మూతకంటిన నురుగు పక్క ట్యూబులోకి చింది ఉంటుంది. మా గైడ్ కోప్పడలేదు గానీ, విడత మొత్తం పారవేసి మళ్ళీ మొదలుపెట్టమన్నారు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచిన అవ్వ నమూనా ఇంకొక్కసారికి మాత్రమే సరిపోయేంత మిగిలి ఉంది. నమ్మి ఇచ్చినదాన్ని నా తొందరపాటుతో పోగొట్టి ఉండేదాన్నన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

రెండోసారి ఒక్కొక్క మూతా తీసి, గ్లవ్స్ మార్చుకుంటూ సాయంత్రం దాకా చేశాను. ఖాళీ వరుస నల్లగా ఉండిపోయింది. ఆహార వివరాల పత్రాన్నీ మార్చమని గైడ్‌ను కోరాను. ఈ వారం ముద్రించిన కొత్త ప్రతులలో సంగటికి ఒక గడి, సద్దికి ఒక గడి ఉన్నాయి.