నాకు గుర్తులేని ఇరవై నిమిషాలు

ఆ కబడ్డీ మ్యాచ్ రెండో సగం నేను ఫోన్లో వీడియోగా చూశాను. ఆడింది నేనే. ఎడమ కార్నర్‌లో నిలబడి రెండు పట్లు పట్టిందీ నేనే. ఆ ఇరవై నిమిషాల్లో ఒక్క కూత కూడా నాకు గుర్తులేదు. ఇప్పటికీ రాలేదు.

మాది టంగుటూరు పక్కన పల్లె. నాయన పొగాకు వేస్తాడు. నేను గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుని. 2025 సంక్రాంతికి పక్క ఊళ్ళో కబడ్డీ పోటీలు పెట్టారు. కనుమ రోజు రాత్రి, లైట్ల కింద మా ఆట. మొదటి సగం ఇంకో నిమిషంలో అయిపోతుందనగా వాళ్ళ రైడర్ బోనస్ పాయింటు కోసం నా వైపు కాలు చాపాడు. మడమ అందుకుందామని దూకాను. వాడు కాలు వెనక్కి లాక్కునేటప్పుడు మోకాలు నా కణతకు తగిలింది. నొప్పి తెలియలేదు. కళ్ళ ముందు తెల్లటి వెలుగొకటి వచ్చి పోయింది. నేనే లేచాను. "లేచాడ్రా, ఏం కాలా" అని ఎవరో అరిచారు, చప్పట్లు కొట్టారు. తల మీద నీళ్ళు పోశారు. ఆ చల్లదనం వీపు మీదికి జారడమే ఆ రాత్రి నాకు మిగిలిన చివరి గుర్తు.

సగం ఆట కాగానే జట్లు వైపులు మారతాయి కదా. వీడియోలో నేను మారలేదు. పాత వైపే, వాళ్ళ కోర్టులోనే పోయి నిలబడ్డాను. జనం నవ్వారు. మా బావ వచ్చి చెయ్యి పట్టుకుని ఇటు తెచ్చాడు. తెచ్చి ఆడించారు! ఎవరినీ తప్పు పట్టను, ఆ నవ్విన వాళ్ళలో ఒకడిగా ఇంకో రోజు నేనూ ఉండేవాణ్ణే. కానీ ఆ ముక్క చూసినప్పుడల్లా కడుపులో తిప్పుతుంది. రక్తం లేదు, వాపు లేదు. మనిషి నిలబడి ఉన్నాడు. ఇంకేం చూడాలో అక్కడ ఎవరికీ తెలియదు.

ఇంటికొచ్చేటప్పుడు బండి మీద "గెలిచామా బావా?" అని అడిగానట. "గెలిచాం" అన్నాడు. మళ్ళీ అడిగాను. ఆట పట్టిస్తున్నానని అనుకున్నాడు. నాలుగోసారి అడిగేసరికి లైటు స్తంభం కింద బండి ఆపి నా మొహం చూశాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ సూదేసి, పొద్దునకి తగ్గిపోద్ది అన్నాడు. తలకు దెబ్బ తగిలినవాణ్ణి నిద్రపోనివ్వకూడదని ఎవరో చెబితే అమ్మ తెల్లార్లూ నా పక్కన కూర్చుని, కళ్ళు మూతపడినప్పుడల్లా కుదిపి లేపింది. తెల్లవారుజామున రెండుసార్లు వాంతి అయింది. అప్పుడు ఒంగోలు తీసుకెళ్ళారు.

దారిలో నాయన ఒక్కటే మాట అన్నాడట, క్రికెటర్ రమణ్ లాంబా కూడా నడుచుకుంటూనే బయటికొచ్చాడని. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో హెల్మెట్ లేకుండా బ్యాట్స్‌మన్‌కి దగ్గరగా, షార్ట్ లెగ్‌లో నిలబడితే బంతి తలకు తగిలింది. మూడు రోజులకు పోయాడు. అప్పుడు నాయన ఎంత బాధపడ్డాడో, ఇరవై ఏడేళ్ళ తర్వాత కొడుకుని కారులో పడుకోబెట్టుకుని ఆ పేరు తలుచుకున్నాడు.

స్కాన్‌లో ఏమీ లేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. డాక్టరు మాత్రం మమ్మల్ని కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. స్కాన్ చేసేది లోపల రక్తం కారిందా, పుర్రె చిట్లిందా అని చూడటానికి. అవి లేవు. కానీ కన్‌కషన్ అనేది మామూలుగా స్కాన్‌లో కనపడదు. మెదడు పుర్రె లోపల నీళ్ళలాంటి ద్రవంలో ఉంటుంది. దెబ్బకి తల ఒక్కసారిగా విసురుగా కదిలితే లోపల మెదడూ అదురుతుంది. పైకి ఆకారం చెడదు, పని చెడుతుంది. స్పృహ తప్పాలని కూడా లేదు, చాలామందికి తప్పదు. అమ్మతో "స్కాన్ అయిపోయింది కదమ్మా, ఇక నిద్రపోనీ, ఇప్పుడు వాడికి మందు అదే" అన్నాడు. తలనొప్పి ఎక్కువవుతున్నా, వాంతులు ఆగకపోయినా, మాట తడబడినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా ఉన్నపళాన తీసుకురమ్మన్నాడు.

మొదటి రెండు రోజులు ఇంట్లో విశ్రాంతి, ఫోను వీలైనంత తక్కువ, కాసేపు అటూ ఇటూ నడక. అది కష్టం కాలేదు. తర్వాతే అసలు బాధ మొదలైంది. అప్పటికి పలకరించడానికి వచ్చేవాళ్ళు తగ్గారు, "స్కాన్‌లో ఏం లేదంట" అనే మాట ఊరంతా తిరిగింది. నాకేమో ట్యూబ్‌లైటు చూస్తే కళ్ళ వెనక పోటు. పొగాకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గరికి వెళ్తే ఆ వేడికి, ఆకు వాసనకి తల తిరిగేది. పుట్టినప్పటి నుంచి పీల్చిన వాసన అది. అక్క కూతురు పళ్ళెం మీద గరిటెతో కొడుతుంటే ఎంత గట్టిగా అరిచానంటే, ఆ పిల్ల రెండు రోజులు నా గదిలోకి రాలేదు. మూడేళ్ళ పిల్ల.

ఫిబ్రవరి ఒకటో తేదీ పింఛన్లు పంచాలి. వద్దని బావ చెప్పినా వెళ్ళాను, ఎన్నాళ్ళని సెలవు పెడతాను? ఒక అవ్వ దగ్గర వేలిముద్ర తీసుకుని డబ్బు లెక్కపెడుతున్నాను. నాలుగు వేలు, అంటే ఐదొందల నోట్లు ఎనిమిది. ఐదు దాకా వచ్చి జారిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ జారింది. బీకాం చదివినవాణ్ణి, ఎనిమిది నోట్లు! మూడోసారి ఎన్ని ఇచ్చానో తెలియదు. అవ్వ తీసుకుని, అరుగు మీద ఒక్కొక్కటే పరిచి, రెండు నోట్లు వెనక్కి ఇచ్చింది. "అబ్బయ్యా, నీకు బాగా లేదు, ఇంటికి పో" అంది. దెబ్బ తగిలిన రెండు వారాలకు, స్కాన్ గురించి మాట్లాడకుండా నన్ను చూసి ఆ మాట చెప్పిన మొదటి మనిషి ఆవిడ. గోడ పక్కకు పోయి ఏడ్చాను.

అప్పటి నుంచి దొంగతనంగా కోలుకోవాలని చూడటం మానేశాను. ఆఫీసులో పూట పని, స్క్రీన్ వెలుతురు తగ్గించి, అరగంటకోసారి బయటికి రావడం. పొద్దున్నే చేల గట్ల మీద నడక. నాలుగో వారానికి తలనొప్పి రోజు విడిచి రోజు అయింది, ఆరో వారానికి పోయింది.

మంచంలో ఉన్నప్పుడు బావ ఒక విషయం గుర్తుచేశాడు. 2020 డిసెంబరులో కాన్‌బెర్రాలో క్రికెట్ మ్యాచ్‌లో జడేజా హెల్మెట్‌కి బంతి తగిలింది, అతని బదులు చాహల్ వచ్చి మూడు వికెట్లు తీశాడు. కన్‌కషన్ అయితే అలా ఆటగాణ్ణి మార్చే నియమం 2019 ఆగస్టు నుంచే ఉంది. ఆ నెలలోనే లార్డ్స్‌లో ఆర్చర్ బంతి మెడకు తగిలిన స్టీవ్ స్మిత్‌కి పరీక్షలు చేస్తే బాగానే ఉన్నాడన్నారు, మళ్ళీ వచ్చి బ్యాటింగ్ చేశాడు. మర్నాటికి లక్షణాలు బయటపడ్డాయి. అతని బదులు లబుషేన్ దిగాడు. చాహల్ వికెట్లకు మేం టీకొట్టు దగ్గర ఎగిరి గంతేశాం. జడేజా తలకేమైందని ఒక్కడం అడగలేదు.

మళ్ళీ ఆడటానికి డాక్టరు చీటీ వెనక మెట్లలా రాసిచ్చాడు. ముందు రోజువారీ పనులు, తర్వాత నడక, పరుగు, ఒంటరిగా సాధన, ఎవరూ తగలకుండా జట్టుతో, తర్వాత పట్లు, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టు మీద కనీసం ఒక రోజు. తలనొప్పి తిరగబెడితే ఒక మెట్టు కిందికి. నేను పరుగు దగ్గర రెండుసార్లు కిందికి దిగాను. తొందరపడొద్దనడానికి అతను చెప్పిన కారణం నాకు బాగా పట్టింది. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే, అరుదుగానే అయినా, మెదడు గబగబా వాచి ప్రాణం మీదికి రావచ్చు. అంటే ఆ రాత్రి రెండో సగం నేను ఆడింది అలాంటి తలతో.

ఇప్పుడు మా జట్టులో ఒక ఏర్పాటు ఉంది. గీత బయట ఒకడు ఆట చూడడు, మనుషుల్ని చూస్తాడు. ఎవరి తలకు ఏం తగిలినా చెయ్యెత్తుతాడు, దెబ్బ తగిలినవాడు బయటికి రావాలి, ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. ఆ చెయ్యి మా బావది. మొన్న సింగరాయకొండ వైపు ఆడుతుంటే మా జట్టులో కవర్‌లో ఆడేవాడి మోచెయ్యి నా నుదుటికి తగిలింది. బావ చెయ్యెత్తాడు. "నాకేం కాలా బావా, బాగానే ఉన్నా" అని అరిచాను. దించలేదు. మేం మూడు పాయింట్లు వెనక ఉన్నాం. వచ్చి అతని పక్కన కూర్చున్నాను.