పోటు వేళ చూసుకుని బయల్దేరండి: సవానా, బ్యూఫర్ట్, చార్ల్‌స్టన్

అట్లాంటా నుంచి సవానా, చార్ల్‌స్టన్ వైపు కారులో వెళ్ళేవాళ్ళు హోటల్ కంటే ముందు చూసుకోవాల్సింది సముద్రపు పోటు వేళలు. ఆ అట్లాంటిక్ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. సవానా దగ్గర పోటుకీ పాటుకీ మధ్య నీటి మట్టం దాదాపు 7 అడుగులు మారుతుంది, చార్ల్‌స్టన్‌లో 5 అడుగుల పైమాటే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇంకా ఎక్కువ. ఇంట్లో తెలుగు కేలండర్ ఉంటే ఆ రెండు తిథులూ చూసి తేదీలు పెట్టుకోవచ్చు, ఒక రోజు అటూ ఇటూ అవుతుందంతే. గంటల లెక్కకు మాత్రం అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా వెబ్‌సైట్‌లో ఊరి పేరు కొట్టి చూడాలి. మేం మార్చి చివర్లో ఐదు రాత్రులకు వెళ్ళాం: సవానాలో రెండు, బ్యూఫర్ట్‌లో ఒకటి, చార్ల్‌స్టన్‌లో రెండు. ఊళ్ళలో తిరుగుడు కూడా కలిపితే దాదాపు 800 మైళ్ళు.

మార్చి 17 చుట్టుపక్కల మాత్రం సవానా పెట్టుకోకండి. సెయింట్ పాట్రిక్స్ డే ఊరేగింపుకు ఊరంతా నిండిపోతుంది, గదుల ధరలు రెట్టింపు దాటుతాయి. జూన్ నుంచి నవంబర్ దాకా తుఫానుల కాలం. ఎండాకాలం ఉక్కపోత మన కోస్తా ఉక్కపోతకు ఏమీ తీసిపోదు. మార్చి చివర, ఏప్రిల్ మొదలు అజేలియాలు పూసే రోజులు. నడవడానికి అంతకంటే మంచి వాతావరణం ఉండదు కానీ కంటికి ఆనని చిన్న పురుగులు, అక్కడివాళ్ళు శాండ్ నాట్స్ అనేవి, ఆ రోజుల్లోనే సాయంత్రం పూట కుడతాయి. చేతులు, చీలమండలు కప్పుకుంటే మేలు.

ఐ-75 మీద దక్షిణంగా దిగితే మొదట రివర్‌డేల్‌లో వేంకటేశ్వర స్వామి గుడి. దర్శనం చేసుకుని బయల్దేరేవాళ్ళకు దారిలోదే. అట్లాంటా నుంచి 85 మైళ్ళకు మేకన్. చాలామంది పెట్రోలు కోసం ఆగి వెళ్ళిపోతారు. అలా వెళ్ళిపోకండి, ఊరి అంచునే అమెరికా ఆదివాసులు కట్టిన ఓక్మల్గీ మట్టిదిబ్బలకు రెండు గంటలు ఇవ్వండి, ప్రవేశం ఉచితం. అక్కడ మట్టితో కప్పిన గుండ్రటి సభాగృహం ఒకటుంది. బాగా వంగి లోపలికి పోవాలి. గోడలూ పైకప్పూ 1930ల్లో తిరిగి కట్టినవే కానీ, అద్దం అవతల కనిపించే బంకమట్టి నేల అసలుది, వెయ్యేళ్ళ నాటిది. గోడ వెంట మట్టిలోనే మలిచిన ఆసనాలు వరసగా ఉంటాయి, వాటి మధ్య గద్ద ఆకారంలో ఒక వేదిక. ఎవరు ఎక్కడ కూర్చోవాలో వెయ్యేళ్ళ కిందటే తేల్చుకున్న సభ అది.

మేకన్ నుంచి సవానాకు ఐ-16, 165 మైళ్ళు. రెండు పక్కలా పైన్ చెట్లే. పెట్రోలు, బాత్రూమ్ రెండూ మేకన్‌లోనో డబ్లిన్ దగ్గరో చూసుకోవాలి, తర్వాత ఎగ్జిట్‌లు దూరదూరంగా వస్తాయి. ర్యాంపుల దగ్గర రైల్వే గేట్లలాంటివి పైకెత్తి ఉంటాయి. తుఫాను వస్తే సముద్రం వైపు వెళ్ళే లేన్లను కూడా ఊరు ఖాళీచేసేవాళ్ళకు తిప్పడానికి అవి. రోడ్డు నిటారుగా, ఖాళీగా ఉండేసరికి వేగం తెలియకుండా పెరుగుతుంది. జార్జియాలో 85 మైళ్ళు, రెండు లేన్ల రోడ్డయితే 75 చేరితే మామూలు ఫైన్ మీద ఇంకో 200 డాలర్లు కట్టాలి. క్రూజ్ కంట్రోల్ పెట్టుకోవడం క్షేమం.

సవానా అందం చెట్లలో, ఇళ్ళలో ఎంత ఉందో గీతల్లోనూ అంత ఉంది. 1733లో ఊరిని స్థాపించిన ఓగల్‌థోర్ప్ వేసిన ప్లాన్ ఇప్పటికీ కాళ్ళ కింద తెలుస్తుంది. ప్రతి వార్డు మధ్యలో ఒక చదరం, అంటే ఇళ్ళు కట్టకుండా వదిలిన చదరపు స్థలం. దానికి ఉత్తర, దక్షిణాల్లో పదేసి ఇళ్ళ స్థలాలున్న నాలుగు భాగాలు, తూర్పు, పడమరల్లో చర్చికో సభకో వదిలిన నాలుగు పెద్ద స్థలాలు. ఇలా 24 చదరాలు ఏర్పడ్డాయి, 22 మిగిలాయి. నది ఒడ్డున సిటీ హాల్ నుంచి బుల్ స్ట్రీట్ పట్టుకుని దక్షిణంగా నడిస్తే ఐదు చదరాలు దాటి ఫోర్సైత్ పార్క్, 1858 నాటి ఫౌంటెన్ వస్తాయి. ఒక మైలు దూరం. ఈ మైలు కారులో పోతే ప్రతి చదరం చుట్టూ తిరగాలి, ఏమీ కనబడదు. కారు పార్కింగ్ గరాజ్‌లో పెట్టి మర్చిపోండి. డాట్ అని రాసి ఉండే బస్సులు, నది దాటించే పడవలు ఉచితం.

ఓక్ కొమ్మల నుంచి బూడిదరంగు జడల్లా వేలాడేదాన్ని స్పానిష్ మాస్ అంటారు. అది పాచి కాదు, అనాస కుటుంబపు మొక్క. గాలిలోంచి తేమ తీసుకుంటుంది, చెట్టును పీల్చదు. కింద పడ్డవాటిని ఫొటోల కోసం పిల్లల మెడలో వేయకండి, నేలమీది దురద పురుగులు అందులో చేరతాయి. రివర్ స్ట్రీట్‌కు దిగే రాతిమెట్లు నిటారుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఆ వీధిలో పరిచిన రాళ్ళు ఓడలు బరువు కోసం వేసుకొచ్చినవి. స్ట్రోలర్ చక్రాలకు కష్టం, మెత్తటి అరికాలు చెప్పులకు ఇంకా కష్టం.

టైబీ బీచ్‌కు వెళ్ళే యూఎస్ 80 రోడ్డు ఉప్పునీటి గడ్డిమడుల మధ్య పోతుంది. పోటు అంచనా 9 అడుగులు దాటిందని కనిపిస్తే ఆ గంటకు ముందూ వెనకా ఆ రోడ్డు ఎక్కకండి, నీళ్ళు రోడ్డు మీదికి వస్తాయి. మేం ఉదయం పాటు వేళ వెళ్ళి దారిలో పులాస్కీ కోట చూసుకున్నాం. అమెరికా అంతర్యుద్ధంలో, 1862లో, ఉత్తరాది సైన్యం టైబీ మీద నుంచి కొత్తరకం ఫిరంగులతో కొడితే దాని ఇటుక గోడ 30 గంటల్లో బద్దలైంది. గుండ్లు ఇంకా గోడలోనే దిగబడి ఉన్నాయి. టైబీ దీపస్తంభానికి 178 మెట్లు.

సవానా నుంచి 45 మైళ్ళకు సౌత్ కరొలైనాలోని బ్యూఫర్ట్. నార్త్ కరొలైనాలో అవే అక్షరాలతో ఉన్న ఊరిని బోఫర్ట్ అంటారు, దీన్ని బ్యూఫర్ట్ అనాలి. చిన్న ఊరు, గంటన్నరలో నడిచేయవచ్చు. పడవలు వచ్చినప్పుడు వుడ్స్ వంతెన మధ్యభాగం పక్కకు తిరుగుతుంది, కార్లు ఆగిపోతాయి. సెయింట్ హెలీనా దీవిలో పని ఉంటే అరగంట ముందు బయల్దేరండి. రాబర్ట్ స్మాల్స్ ఈ ఊళ్ళోనే బానిసగా పుట్టాడు. 1862 మే 13 తెల్లవారకముందే, చార్ల్‌స్టన్ రేవులో కెప్టెన్ ఒడ్డున ఉన్న సమయం చూసి, ప్లాంటర్ అనే దక్షిణాది సైన్యపు ఓడలో కుటుంబాన్నీ తోటివాళ్ళనూ ఎక్కించుకుని, కెప్టెన్ టోపీ పెట్టుకుని, కోటల ముందు సరైన కూతలు వేస్తూ దాటించి ఉత్తరాది నౌకాదళానికి అప్పగించేశాడు. తర్వాత తనను బానిసగా ఉంచిన ఇంటినే కొన్నాడు, ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు. ప్రిన్స్ స్ట్రీట్‌లోని ఆ ఇంటిని బయటినుంచే చూడాలి. దీవిలో పెన్ సెంటర్ ఉంది, విడుదలైన బానిసల కోసం 1862లో మొదలైన బడి.

ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా విలువైన భాగం బ్యూఫర్ట్, చార్ల్‌స్టన్‌ల మధ్య 70 మైళ్ళు. చాలామంది పాటలు పెట్టుకుని దాటేసేదీ అదే. యూఎస్ 17 మీద కాంబహీ నది దాటే వంతెనకు బానిసత్వం నుంచి తప్పించుకుని ఎందరినో తప్పించిన హారియట్ టబ్‌మన్ పేరు పెట్టారు. 1863 జూన్ 2న ఆమె దారిచూపగా ఉత్తరాది సైన్యం పడవల్లో వచ్చి ఆ నది వెంట పొలాల్లోంచి 700 మందికి పైగా బానిసలను విడిపించింది. ఆ పొలాలు వరిపొలాలు. చార్ల్‌స్టన్‌లో కనిపించే ప్రతి మేడ వెనుకా ఈ వరి ఉంది. దాన్ని పండించే విద్య తెలిసినవాళ్ళు సెనగల్, గాంబియా, సియెరా లియోన్ తీరాల నుంచి బంధించి తెచ్చిన మనుషులు. పాము, మలేరియా, బురద మధ్య మైళ్ళ కొద్దీ గట్లు వేసింది వాళ్ళ చేతులే.

రావెనెల్ దగ్గర కా కా అనే కౌంటీ పార్కులో ఆ గట్ల మీద నడవవచ్చు. వారంలో అన్ని రోజులూ తెరవరు, చూసుకుని వెళ్ళండి. గట్టు అడుగున అడ్డంగా పెట్టిన పొడవాటి చెక్కపెట్టె కనిపిస్తుంది. ట్రంక్ అంటారు, మన తూమే. రెండు కొసలకూ తలుపులు. పొలానికి నీరు పెట్టాలంటే నది వైపు తలుపు పైకెత్తి ఉంచుతారు. పోటు నీరు పెట్టెలోంచి వచ్చి పొలం వైపు తలుపును తనే తోసుకుని లోపలికి పోతుంది. పోటు తగ్గగానే వెనక్కి రాబోయే నీరే ఆ తలుపును మూసేస్తుంది. నీరు తీయాలంటే ఇదంతా తలకిందులు. ఏతం లేదు, పంపు లేదు, చంద్రుడే నీరు పెడతాడు. కానీ పొలం నదిలో సరైన చోటే ఉండాలి: సముద్రానికి దగ్గరైతే ఉప్పునీరు, మరీ ఎగువకు పోతే పోటు అందదు. కరవు వచ్చి నది బలహీనపడితే ఉప్పు పైకి ఎగబాకి పంట పోయేది. బానిసత్వం రద్దయ్యాక, 1893, 1911 తుఫానులు గట్లు తెంపాక ఆ వరి ముగిసిపోయింది. గట్ల పక్క మొసళ్ళు ఎండ కాచుకుంటాయి, 60 అడుగుల దూరం ఉంచండి, పిల్లల చెయ్యి వదలకండి.

చార్ల్‌స్టన్‌కు ముందే జాన్స్ దీవిలో ఏంజెల్ ఓక్ అనే పెద్ద చెట్టు దగ్గర ఆగండి, సాయంత్రం 5కే మూసేస్తారు. దాని నీడ 17,000 చదరపు అడుగులు, అంటే 39 సెంట్లు.

చార్ల్‌స్టన్‌లో పోటు అంచనా 7 అడుగులు ఉంటే ఎండలో కూడా పల్లపు వీధుల్లో నీళ్ళొస్తాయి. పోటు వేళే వాన పడితే మురుగు గొట్టాల మూతులు నీటిలో మునిగి వాన నీరు పోయే దారి ఉండదు, మార్కెట్ చుట్టుపక్కల మోకాలి లోతు నిలుస్తుంది. అది ఉప్పునీరు, కారు అడుగుభాగం తుప్పు పడుతుంది. కారును గరాజ్ పై అంతస్తులో పెట్టి, ఉచితంగా తిరిగే డాష్ బస్సులో వెళ్ళండి. పొరపాటున నీళ్ళలోంచి నడిపితే అదే రోజు కింద కూడా మంచినీళ్ళతో కడిగించండి. పాటు వేళ గుడ్డు కుళ్ళిన వాసన వస్తే కంగారు పడొద్దు, గడ్డిమడుల బురద వాసనే.

ఇక్కడి పాత ఇళ్ళు వీధికి పక్కకు తిరిగి నిలబడతాయి. వెడల్పు ఒక్క గదే, పక్కన పొడవాటి వరండా దక్షిణానికో పడమరకో, సముద్రపు గాలి కోసం. వీధిలో కనిపించే తలుపు ఇంట్లోకి కాదు, వరండాలోకి. గోడల మీద గుండ్రటి ఇనుప బిళ్ళలు చాలా చోట్ల చూస్తారు: 1886 భూకంపం తర్వాత గోడలను కడ్డీలతో బిగించిన బోల్టులవి.

మార్కెట్‌లో స్వీట్‌గ్రాస్ అనే గడ్డితో బుట్టలు అల్లే గల్లా ఆడవాళ్ళ, అంటే ఆ వరి పండించిన ఆఫ్రికన్ల వారసుల దగ్గర కాసేపు నిలబడి చూడండి. గడ్డిని కట్టగా చుట్టచుట్టగా తిప్పుతూ, అరగదీసిన చెంచా కాడతో సందు చేసి, తాటిజాతి ఆకు చీలికను అందులోంచి లాగి బిగిస్తారు. అరచేయంత బుట్టకు కూడా గంటలు పడుతుంది, అందుకే ఆ ధర. బేరం ఆడకండి. వీటిలో పాతకాలపు వెడల్పాటి పళ్ళెం బుట్ట పని వడ్లు చెరగడం. దాన్ని చూడగానే మన చేట, రోలు, రోకలి గుర్తురాక మానవు. 2023లో తెరిచిన అంతర్జాతీయ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం బానిసల ఓడలు ఆగిన గాడ్స్‌డెన్ రేవు మీదే ఉంది. టికెట్ ముందే సమయంతో కొనుక్కుని, మూడు గంటలు ఉంచుకోండి.

శాకాహారులకు ఒక మాట. ఆకుకూర, చిక్కుడు, బొబ్బర్లు అని మెనూలో ఉన్నా పంది ఎముకతో ఉడికించి ఉండవచ్చు, టొమాటో వేసి వండే రెడ్ రైస్‌లో సాసేజ్ ఉండవచ్చు. "మాంసం ఉందా" అంటే ముక్కలు లేవు కాబట్టి లేదంటారు. "హామ్, బేకన్ కొవ్వు, చికెన్ నీళ్ళు పడ్డాయా" అని విడివిడిగా అడగాలి. మొక్కజొన్న రవ్వతో చేసే గ్రిట్స్, వేయించిన బెండకాయ, రోడ్డు పక్కన ఉప్పు వేసి ఉడికించి అమ్మే వేరుశెనక్కాయలు ఆదుకుంటాయి. మాంసాహారులు ఫ్రాగ్‌మోర్ స్ట్యూ తినవచ్చు. అందులో కప్పలుండవు, రొయ్యలు, మొక్కజొన్న, బంగాళాదుంప, సాసేజ్ ఉంటాయి. ఫ్రాగ్‌మోర్ సెయింట్ హెలీనాలోని ఊరి పేరు.

తిరుగు దారి ఐ-26, కొలంబియా దగ్గర ఐ-20, దాదాపు 300 మైళ్ళు. ఏప్రిల్ మొదట్లో అగస్టాలో గోల్ఫ్ వారం ఉంటే ఆ చుట్టుపక్కల గది వెతక్కండి. ఎగ్జిట్ 114 దగ్గర దిగి మాడిసన్ పాత ఇళ్ళ వీధుల్లో గంట నడిస్తే నడుము నొప్పి తగ్గుతుంది.

చార్ల్‌స్టన్ నుంచి తెచ్చుకోవాల్సింది కరొలైనా గోల్డ్ బియ్యం. రైస్ కుక్కర్‌లో పెట్టకండి, ముద్దవుతుంది. కప్పు బియ్యానికి ఆరు కప్పుల నీళ్ళు మరగనిచ్చి, ఉప్పు వేసి, పన్నెండు నిమిషాల నుంచి పలుకు చూస్తూ ఉడికించి గంజి వార్చాలి. ఆ తీరంలో వండే పద్ధతీ అదే. పాకెట్ తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టండి, బయట ఉంటే త్వరగా పురుగు పడుతుంది.